ఏడు మీద ముల్లు

గుండు పన్నెండోసారి ఊగి వెనక్కి వచ్చేసరికి కాలేజీ ల్యాబులో ఆమెకు లెక్క తప్పింది. పన్నెండా, పదమూడా? పొద్దున ఆరింటి నుంచి బట్టలకు రంగులు వేసే మిల్లు ఆఫీసులో కూర్చుని రిజిస్టర్లు రాసిన కళ్ళు అవి. మధ్యాహ్నం తిన్నది ఎప్పుడో అరిగిపోయింది. గడియారం ఆపి, దారానికి వేలాడే ఆ ఇత్తడి గుండును పట్టుకుని మళ్ళీ మొదలుపెట్టింది.

సాయంకాలం కాలేజీలో ఆమె చదివేది చరిత్ర. ఏ డిగ్రీ కావాలన్నా ఒక సైన్సు పేపరు గట్టెక్కాలని అక్కడ రూలు. మిగతావన్నీ నిండిపోయాయని గుమాస్తా భౌతికశాస్త్రం రాసి పడేశాడు. ఈ పేపరు పాసైతే డిగ్రీ, డిగ్రీ ఉంటే మిల్లులో పెద్ద గుమాస్తా పని, తొమ్మిది వేల జీతం పద్నాలుగు అవుతుంది. అందుకే ఆమెకు మొదటి రోజు నుంచీ అనుమానం. తనలాంటి వాళ్ళను సరిగ్గా గుమ్మం దగ్గర తన్ని వెనక్కి పంపడానికే ఎవరో పనిగట్టుకుని ఈ రూలు పెట్టారని.

మాస్టారి మీద ఇంకా అనుమానం. మనుషుల్ని పేర్లతో పిలవడు, అంకెలతో పిలుస్తాడు. ఆమె పదిహేడు. ఎవరేం చెప్పినా "చూశావా?" అంటాడు తప్ప అవునని ఒప్పుకోడు.

ఆ ల్యాబులో ఒక ఆచారం ఉంది. అట్ట చిరిగిపోయిన పాత నోటుపుస్తకం ఒకటి ఏటేటా చేతులు మారుతూ వస్తోంది. ఏ ప్రయోగానికి ఏ అంకెలు రావాలో అందులో ఉంటాయి. గుండు ఇరవైసార్లు ఊగడానికి ముప్పై ఐదు పాయింట్ తొమ్మిది సెకన్లు. అందరూ అదే ఎక్కించేసి, గుండును వేలితో తోసి కబుర్లు చెప్పుకుంటారు. ఆమె మాత్రం పిచ్చిదానిలా ఐదుసార్లు నిజంగానే లెక్కపెట్టింది. ఒకసారి ముప్పై ఐదు పాయింట్ ఆరు వచ్చింది, ఒకసారి ముప్పై ఆరు పాయింట్ నాలుగు. ఏ రెండూ కలవలేదు. తన చెయ్యే కుదురుగా లేదనుకుని, సిగ్గుపడి, అన్నీ రబ్బరుతో చెరిపి ఐదు గళ్ళలోనూ పాత నోటులోని అంకె వేసింది.

మాస్టారు ఆ కాగితాన్ని దీపానికి అడ్డంగా పట్టుకున్నాడు.

"పదిహేడూ, ఈ అడుగున ఉన్నవి ఎవరివి?"

"నావే సార్."

"మరెందుకు చెరిపావు?"

"ఒకదానితో ఒకటి కలవలేదు సార్. చెయ్యి వణికి ఉంటుంది."

"మనిషన్నవాడు చూస్తే కాస్త అటూ ఇటూ వస్తాయమ్మా. ఐదుసార్లూ ఒకే అంకె వచ్చిందంటే రెండే కారణాలు. చూడకుండా రాసి ఉండాలి, లేదంటే గడియారం ఆగిపోయి ఉండాలి."

వెనక బల్లలో ఎవరో నవ్వారు. మాస్టారు సున్నా చుట్టి, వచ్చే వారం మళ్ళీ చెయ్యమన్నాడు. అప్పుడూ కుదరకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. దారి పొడుగునా ఆమె ఆయన్ని తిట్టుకుంటూనే నడిచింది. అందరూ కొట్టిన కాపీయే కదా, తన కాగితమే దీపం దగ్గర పెట్టాలా?

మర్నాడు పదిన్నరకు మేనేజరు బాయిలరు రిజిస్టరు తెచ్చి ఆమె ముందు పడేశాడు.

"రేపు ఇన్స్పెక్టరు వస్తున్నాడు. చీటీలన్నీ శుభ్రంగా ఎక్కించు. పనిలో పనిగా ఇవాళ్టివి సాయంత్రం దాకా వేసెయ్యి."

బాయిలరు దగ్గర పనిచేసేది ఆమె అన్నే. గంటగంటకూ గేజి చూసి, ఆవిరి ఒత్తిడి ఎంతుందో పెన్సిలుతో చీటీ మీద వేసి పంపుతాడు. దాన్ని ఆమె సిరాతో గడిలో ఎక్కిస్తుంది. ఆమె చకచకా రాసుకుపోయింది. ఏడు. ఏడు. ఏడు. నాలుగో ఏడు దగ్గర కలం ఆగింది. పేజీ వెనక్కి తిప్పింది. అన్నీ ఏడే. ఇంకో పేజీ తిప్పింది. మూడు నెలలుగా ఏడు తప్ప ఇంకో అంకె లేదు, అన్నీ తన చేతిరాతే, ముత్యాల్లా ఉన్నాయి. కలం పక్కన పెట్టి లేచింది.

బాయిలరు గదిలో అన్న పొయ్యిలోకి బొగ్గు వేస్తున్నాడు. ఆమె గేజి ముందు నిలబడింది. మంట భగ్గుమంది. ముల్లు ఏడు మీదే ఉంది. అద్దం మీద గోటితో తట్టింది. అయినా ఏడే.

"అన్నయ్యా, సోమవారం పొద్దున పొయ్యి వెలిగించకముందు ఈ ముల్లు ఎక్కడుంటుంది?"

అన్న పార ఆపలేదు. "నీకెందుకమ్మా ఇవన్నీ."

"చెప్పు."

"ఏడు మీదే ఉంటుంది."

"చల్లటి బాయిలరు మీద కూడానా?"

"మెల్లగా మాట్లాడు. గేజి మార్చాలంటే రెండు రోజులు మిల్లు మూయాలి. డెబ్బై మందికి రోజుకు మూడేసి వందలు ఎవరిస్తారు? నీ మొగుడా?" నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. "నేను చెవితో చూసుకుంటాలే. ఒత్తిడి ఎక్కువైతే పైన సేఫ్టీ వాల్వు బుసకొడుతుంది. అప్పుడు మంట తగ్గిస్తాను."

"ఆఖరుసారి ఎప్పుడు బుసకొట్టింది?"

అన్న పార నేలకు ఆనించి వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. "పోయిన గురువారం" అన్నాడు.

"అప్పటినుంచీ ఒత్తిడి ఎక్కువ కాలేదా, లేక అది కూడా పాడైందా?"

రెండూ పాడైతే బాయిలరు పేలేదాకా ఎవరికీ తెలియదు. పెళ్ళినాడు కూడా భయపడని అన్న, ఇప్పుడు పైనున్న వాల్వు వైపు చూడటానికి భయపడుతున్నాడు. ఆమెకు అతన్ని చూస్తే జాలి, కోపం రెండూ కలిగాయి. అతన్ని అని ఏం లాభం? ఏడులన్నీ సిరాతో రాసింది తను కాదూ.

ఆఫీసుకు వచ్చి పదకొండు గంటల గడిలో 'ముల్లు కదలడం లేదు' అని రాసింది. గడి చాలక ఆ మాటలు పక్క గంటలోకి పోయాయి. మేనేజరు చూసి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఇదేం రాత? కాలేజీలో నేర్పుతున్నది ఇదేనా?"

"అవును సార్."

"కొట్టేసి ఏడు వెయ్యి. వచ్చే నెల పెద్ద గుమాస్తా కుర్చీ ఖాళీ అవుతోంది. గుర్తుంచుకో."

"గుర్తుంది సార్." ఆమె కలానికి మూత పెట్టింది. రబ్బరు కోసం వెతకలేదు.

మేనేజరు బాయిలరు మనిషిని పిలిపించాడు. అన్న పారతో సహా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏమయ్యా, డ్యూటీ నీది. నువ్వు చెప్పు. గేజి పనిచేస్తోందా లేదా?"

అన్న చెల్లెలి వైపు చూడలేదు. కిటికీలోంచి, తడి బట్టలు మోసుకుపోతున్న ఆడవాళ్ళ వైపు చూశాడు. వాళ్ళలో అతని భార్య కూడా ఉంది.

"చెల్లెమ్మా, ఆ గడిలో రాసింది ఏడు కాదు కదా?"

"కాదన్నయ్యా."

"మరైతే ఇక బొగ్గు వెయ్యను సార్" అని పారను మేనేజరు బల్లకు ఆనించాడు.

బొగ్గు పొడి రాలి తెరిచి ఉన్న పేజీ మీద పడింది. మేనేజరు ఫోను అందుకున్నాడు గానీ ఎవరికి చెయ్యాలో తేలక పట్టుకునే ఉన్నాడు. పదిహేను నిమిషాలకు ఆవిరి తగ్గిందంటూ బట్టలు మోసే ఆడవాళ్ళు ఒక్కొక్కరే ఆఫీసు గుమ్మం ముందుకు వచ్చి, ఏమైందని అడగసాగారు. పన్నెండు కొట్టింది. రిజిస్టరులో ఆ గంటకు ఎవరూ అంకె వెయ్యలేదు.