గొంగడి తీసిన పియానో

తేలికట. ఆ ఒక్క మాటకే తారాబాయికి ఒళ్లు మండిపోతోంది.

"చూడు తారా, కాగితం మీద స్వరాల చుక్కలు ఎంత తక్కువున్నాయో. పైగా నెమ్మదిగా సాగేది. పరీక్షకు ఇదే తేలిక," అంటూ రూతమ్మ టీచరు పరీక్షకు పెట్టిన రెండు పియానో పాటల్లో ఈ పాటను ఏరి ఇచ్చింది. రెండోది చీమలబారులా ఉండేసరికి తారాబాయి కూడా సరేనంది. ఈ పరీక్ష గట్టెక్కితే బెల్లంపల్లి బడిలోనే సంగీతం నేర్పే ఉద్యోగం. తప్పితే గని పైన, బొగ్గులోంచి రాళ్లేరే పని.

తీరా పియానో ముందు కూర్చున్నాక బండారం బయటపడింది. గబగబా సాగే పాటలో ఒక తప్పు పడినా దొర్లిపోతుంది. ఇందులో పడితే నడిబజారులో నిలబడ్డట్టే. చిటికెన వేలు పాట పాడుతుంటే, అదే చేతి మిగతా వేళ్లు వాయిస్తూనే నోరు మూసుకుని పడి ఉండాలి. ఎడమచేయి ఉన్నా లేనట్టుండాలి.

పైగా బడి వెనకే గని కార్మికుల ఇళ్ల లైన్లు. రాత్రిపాళీ దిగినవాళ్లు పగలంతా పడుకుంటారని, పియానో లోపల తీగలకు అడ్డంగా గొంగడి ముక్క పెట్టే సాధన చేయించింది టీచరు. వినబడక తారాబాయి గట్టిగా నొక్కడం అలవాటు చేసుకుంది. పరీక్షలో గొంగడి ఉండదు కనుక, ఇంకా రెండు రోజులుందనగా దాన్ని తీసేసరికి బడి హాలు దద్దరిల్లింది.

"గిది తేలికనా టీచరమ్మా? మీరెన్నడన్న వాయించి చూసిన్రా?"

"లేదు తారా. కాగితం చూసి చెప్పాను."

"చూస్తే ఏం తెలుస్తది? కూర చూసి ఉప్పు చెప్తరా మీరు?"

తారాబాయి పళ్లు కొరుకుతూ మళ్లీ వాయించింది. లైన్లలో తలుపులు ధడేల్‌మన్నాయి. అందరికంటే ముందు వచ్చింది ఆమె బాపు గట్టయ్యే, ఎర్రబడ్డ కళ్లతో.

"ఏంది బిడ్డా గా దంచుడు? పొద్దుగూకితే మళ్ల బొగ్గుబాయిల దిగాలె. జర కన్నంటనియ్యవా? గొంగడి పెట్టు."

"పెట్ట. పెడితే నా నౌకరి పోతది బాపూ."

"అయితే మమ్ముల లేపకుండ వాయించు. గది శాతనైతదా నీతోని?"

ఆ మాట కన్నా చెంపమీద ఒకటి కొట్టినా బాగుండేదనిపించింది. బాపు మీద, టీచరు మీద, ఆ మాయదారి కాగితం మీద కోపంతో మళ్లీ కూర్చుంది. వేలు కాస్త బరువు పడితే చాలు, ఎవరో ఒకరు తిట్టుకుంటూ బయటికి వచ్చేవారు. సాయంత్రం దాకా అదే తంతు. అయినా మర్నాడు పొద్దున్నే పోయి, గొంగడి ముట్టుకోకుండానే కూర్చుంది.

ఆ సాయంత్రం గట్టయ్య పాళీకి పోతూ గడప దగ్గర ఆగాడు.

"ఇయ్యాల బడికి పోలేవా బిడ్డా? మంచిగ నిద్రపట్టింది."

"పొద్దంత వాయించిన."

"ఒక్కటన్న వినబడలే."

తారాబాయికి కోపం, ఏడుపు ఒక్కసారే తన్నుకొచ్చాయి.

"నీకెందుకు వినబడాలె బాపూ?" అంది కళ్లు తుడుచుకుంటూ. "రేపు పరీక్ష హాల్ల కూసున్నోనికి వినబడితే సాలు."