పదకొండింటి డెమో క్లాసు

పొద్దున తొమ్మిదింటి నుంచి మా ఆవిడ లీలావతి ఆ ముసలి లాప్‌టాప్‌తో కుస్తీ పడుతోంది. పదకొండింటికి డెమో క్లాసు. ఇంటి నుంచే ఆన్‌లైన్లో పాఠాలు చెప్పేవాళ్ళు కావాలని ఒక నర్సింగ్ కాలేజీ వాళ్ళు ప్రకటన వేశారు. ముప్ఫై ఏళ్ళు స్టాఫ్ నర్సుగా చేసి రిటైరైన మనిషి కదా, ఊరుకుంటుందా? అప్లికేషన్ పడేసింది. ఇవాళ కాలేజీ పెద్దల ముందు పావుగంట పాఠం చెప్పి మెప్పించాలి. ఫోన్లో కుదరదట, లాప్‌టాపే కావాలట.

మా ఇంట్లో ఉన్నది మా అబ్బాయి విజయ్ ఇంజనీరింగ్ చదివిన నాటిది. ప్లగ్గు పీకితే దాని ప్రాణం పోతుంది. వైఫై నిన్ననే పెట్టించాం. సిగ్నల్ గీతలు నిండుగా కనిపిస్తున్నాయి కానీ, ఏ పేజీ తెరిచినా ఈ కనెక్షన్ సురక్షితం కాదన్న హెచ్చరికే. లీల ఆపింది, మళ్ళీ వేసింది. వైఫై డబ్బాను కిటికీలో పెట్టింది, అల్మరా ఎక్కించింది. కనెక్షన్ ఇచ్చిన ఉమేష్‌కి ఫోన్ చేస్తే, టాటీబంధ్ కూడలి ట్రాఫిక్‌లో ఉన్నాననీ, తన లైన్లో ఏ లోపమూ లేదనీ ఈ ఊరి హిందీలో తేల్చేశాడు.

నేను పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. లాప్‌టాప్ రోగమేమిటో నాకు తెలుసు. పోయిన నెల ఫోన్ నెట్టు కలిపి పెన్షన్ స్లిప్పు చూద్దామంటే నాకూ ఇదే గొడవ. లోపలి చిన్న సెల్లు అయిపోయిందనీ, ప్లగ్గు తీసినప్పుడల్లా తేదీ వెనక్కి పోతుందనీ, తేదీ సరిచేస్తే అన్నీ తెరుచుకుంటాయనీ పండరీ బజార్లో రిపేరు కొట్టువాడు చెప్పాడు. ఇప్పుడు కూడా తెర మూలన 2012 జనవరి ఒకటి అని కనిపిస్తూనే ఉంది. గూడ్సు బండి గార్డుగా ముప్ఫై నాలుగేళ్ళు చేసినవాణ్ణి, నా కంట పడకుండా ఉంటుందా?

అయినా చెప్పలేదు. తను అడగలేదు, నేను అబద్ధమాడలేదు అని మనసుకి సర్దిచెప్పుకున్నాను. నా బాధ నాది. పెళ్ళయిన దగ్గర్నుంచీ నేను లైను మీద ఉంటే తను ఇంట్లో, నేను ఇంటికొస్తే తనకి నైట్ డ్యూటీ. ఇద్దరం కలిసి మధ్యాహ్నం భోజనం చేస్తున్నది ఈ నాలుగు నెలల నుంచే. ఈ ఉద్యోగం వస్తే రోజూ పదకొండు నుంచి మూడు దాకా క్లాసులు. మళ్ళీ కంచం ముందు నేనొక్కణ్ణే. స్వార్థమంటే స్వార్థమే.

పేపర్లో ఒకే వార్త నాలుగుసార్లు చదివాను. లేచి మంచినీళ్ళు తాగాను, వచ్చి కూర్చున్నాను, మళ్ళీ లేచాను. కాలు కాలిన పిల్లిలా ఏంటా తిరుగుడని లీల విసుక్కుంది.

పదకొండుకి పది నిమిషాలుంది. లీల కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"నాకే చేతకావట్లేదండి. రిటైరయ్యాక మూల కూర్చోక ఎందుకొచ్చిన ఆశ చెప్పండి," అంది.

ఆ మాట మింగుడు పడలేదు.

"తేదీ మార్చు లీలా. పదేళ్ళు వెనకుంది," అన్నాను.

తను నా వంక ఒకసారి చూసి, తేదీ మార్చింది. పేజీ టక్కున తెరుచుకుంది.

సరిగ్గా పదకొండింటికి తెర మీద ముగ్గురు పెద్దలు కనిపించారు. నాడి చూడడం ఎలాగో పాఠం. లీల హిందీలో గలగలా మొదలుపెట్టి, పేషెంటు కావాలంటూ నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టింది. మణికట్టు పట్టుకుని ఒక నిమిషం లెక్కపెట్టింది. నూట నాలుగు. తీరిగ్గా పేపరు చదువుకునే మనిషికి ఇంత ఉండకూడదనీ, ఇలాంటప్పుడు పేషెంటుని మెల్లగా కారణం అడగాలనీ వాళ్ళకి చెప్పి, నా వైపు తిరిగింది. ఆ ముగ్గురికీ తెలుగు రాదు.

"ఎప్పట్నుంచి తెలుసండి మీకు?" వార్డులో రోగిని అడిగినట్టే అడిగింది.

"తొమ్మిదింటి నుంచి. నాకు మళ్ళీ దొరకవేమోనని భయమేసింది."

తెర మీది పెద్దావిడ, పేషెంటు ఏమంటున్నారని అడిగింది.

భయంగా ఉందంటున్నారని లీల హిందీలో జవాబిచ్చింది. ఇలాంటప్పుడు చెయ్యి వెంటనే వదిలేయకూడదని కూడా చెప్పి, నా మణికట్టు వదలకుండా మళ్ళీ ఒకటి నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టింది.