దారికి మప్పిన నీళ్ళు

దారికి ఇంటి నీళ్ళు మప్పడమే కనక చేసిన తప్పు. తర్వాతి గొడవంతా అక్కణ్ణుంచే వచ్చింది.

కరకగుడ కొండ మీద ఉంది. అరకు వెళ్ళే బస్సురోడ్డు కొండ కింద ఉంది. రెంటికీ మధ్య ఒక్కటే కాలిదారి, మనిషి వెనక మనిషి నడిచేంత వెడల్పున్న ఎర్రమట్టి దారి. దీపాలు పెట్టే వేళకి అది లేచి కొండ పక్కన పారే గెడ్డకి నీళ్ళు తాగడానికి వెళ్తుంది. రాత్రంతా ఆ ఒడ్డునే చల్లగా పడుకుని, తెల్లారాక వచ్చి తన చోట తాను సర్దుకుంటుంది. అది లేనంతసేపూ ఆ చోట పొదలూ రాళ్ళూ తప్ప ఏమీ ఉండవు. అందుకని ఊరివాళ్ళు పొద్దుగూకేలోపే ఇళ్ళు చేరతారు. పొద్దున లేవగానే "దారొచ్చిందా?" అని అడుగుతారు, పట్నంలో పాలవాడు వచ్చాడా అని అడిగినట్టు.

కాపరానికి వచ్చిన దగ్గర్నుంచీ కనకకి ఈ ఏర్పాటుతో ఇబ్బంది లేదు. ఇబ్బంది రెండువేల మూడులో మొదలైంది. కాఫీ పళ్ళ కోతలు అయిపోయిన వారం, మిరియాలు అమ్ముకోడానికి సంతకి వెళ్ళినప్పుడు, సర్వేశ్వరరావు కొట్టు గోడకి ఫారెస్టు గార్డు ఉద్యోగాల ప్రకటన అంటించి ఉంది. సర్వేశ్వరరావు కిందినుంచి వచ్చిన వ్యాపారి. మిరియాలూ చింతపండూ కొంటాడు, పక్కన జెరాక్సు మిషను కూడా పెట్టుకున్నాడు.

"ఏమ్మా కనకా, నువ్వు టెన్త్ పాసేగా? వయసు ఈ ఏటితో సరి. మళ్ళీ పిలిచేసరికి నువ్వు ముసలమ్మవి" అన్నాడు.

"పరుగు పరీక్షంట కదా సావుకారూ."

"కొండ మీద పుట్టినవాళ్ళకి పరుగేంటమ్మా, అదే వస్తుంది."

కనకకి ఒళ్ళు మండింది. కొండెక్కేవాళ్ళు ఊపిరి దాచుకుంటూ నడుస్తారు. ఎలుగు వెంటపడితే తప్ప పరిగెత్తరు. ఈ మాట ఆయనకి చెప్పీ లాభం లేదు. తలమీద బరువుతో దిగి వచ్చి, ఆయన నోట ధర ఎప్పుడు పడుతుందా అని గుమ్మం ముందు నిలబడటం ఆమెకి ఎప్పుడో విసుగెత్తింది. ఆ రోజే దరఖాస్తు పెట్టింది.

పరిగెత్తడానికి ఆమెకి ఉన్నది చీకటి ఒక్కటే. తెల్లారితే అంబలి, మేకలు, నీళ్ళు, ఆపైన తోటలో కూలి. కోడి కూయగానే లేచి, సంతలో కొన్న గుడ్డబూట్లు వేసుకుని, టార్చి పట్టుకుని బయల్దేరింది. దారి లేదు. ఉండాల్సిన చోటు గుర్తుపెట్టుకుని పరిగెత్తింది. మొదటి మలుపులో వేరు తన్నుకుని పడింది. లేచి, రెండో మలుపులో రాయి మీద పడింది. టార్చి లోయలోకి దొర్లిపోయింది. వారం తిరక్కుండా బూట్లు నోళ్ళు తెరిచాయి.

అత్త చిన్నమ్మలు అరుగు మీద చుట్ట నిప్పుకొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతూ, మోకాళ్ళు చీరుకుని వచ్చిన కోడల్ని చూసింది.

"ఒలే, ఎవులు తరిమినారే నిన్ను?"

"ఎవులూ తరమలేదత్తా. పరుగెడతన్నాను."

"ఎవులూ తరమకండా పరుగేటే? దారొచ్చీదాకా కూకోలేవా?"

"దారొచ్చీసరికి నీ కొడుక్కి అంబలి కాయాల, మేకల్ని తోలాల. ఆ పన్లు నువ్వు సేత్తావా?"

ముసలిది చుట్ట తీసి ఉమ్మేసి, మళ్ళీ నోట్లో పెట్టుకుంది. లోపల్నుంచి కనక మొగుడు బుధు నవ్వాడు. "నీకు ఉజ్జోగమొస్తే నానేటి సెయ్యాలే?"

"అంబలి కాయాల" అంది కనక.

చలికాలంలో ఇంకా నయం. గెడ్డ నిండుగా, దగ్గరగా ఉండేది కాబట్టి తూరుపు తెల్లబడేసరికి దారి వచ్చేది, చివరి కాస్త అయినా సరిగా పరిగెత్తగలిగేది. ఎండలు మొదలయ్యాక గెడ్డ సన్నబడింది. దారి దిగువ మడుగుల దాకా వెళ్ళి, పొద్దు బారెడెక్కాక వస్తోంది. ఒకరోజు పొదల్లో కుంటుతూ దిగుతున్న కనకకి అది ఎదురైంది. ఒళ్ళంతా తడి, అంచులకి అంటుకున్న ఆకులు, ఏ తొందరా లేదు. ఎండ పడే చోట కాసేపు ఆగి వెల్లకిలా సాగింది కూడా.

"బేగి రావే!" అని కనక అరిచింది. "నీకు పనీ పాటా లేదా? ఊరంతటికీ ఉన్నది నువ్వొక్కదానివి, నీకింత కులాసాయేటి?"

దారి ఆమె కాళ్ళ పక్కనుంచే మెల్లగా పైకి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమే కనక రెండు కడవల నీళ్ళు మోసుకొచ్చి, తన వాకిట్లోనే మొదలయ్యే దారి తల దగ్గర గుమ్మరించింది. చేత్తో పొయ్యకూడదని ఆమెకి తెలుసు. కరకగుడలో అందరికీ తెలుసు. దారి నీళ్ళు పీల్చుకుని, ఇంకేమైనా ఉందా అన్నట్టు కాసేపు చూసి, గెడ్డకి వెళ్ళకుండా అక్కడే పడుకుంది.

మర్నాడు కోడి కూసేసరికి దారి తయారుగా ఉంది. కన్ను పొడుచుకున్నా కనపడని చీకటి, అయినా కాలికి మట్టి తగులుతోంది. కనక కిందిదాకా దిగి, రోడ్డు తాకి, ఆగకుండా పైకి వచ్చింది. కొన్నాళ్ళకి దారి కూడా ఆమె అడుగు నేర్చుకుంది. మలుపు దగ్గర గేదె వీపులా కాస్త లేచి ఆమెని తిప్పేది. ఊడిన రాయి ఉంటే ముందే పక్కకి నెట్టేసేది. రాత్రులు తొందరగా పడుకుని, కోడి ఎప్పుడు కూస్తుందా అనుకునే రోజులు ఆమె జీవితంలో అవే మొదలు.

ఊరిపెద్ద మంగ్లు వాకిట్లో తడి చూశాడు.

"కోడలా, సేత్తో పోస్తన్నావేటి? తల్లిని మరిసిన మేకపిల్లయిపోద్ది అది."

"పరీక్ష దాకే మావా. తరవాత మానిపించేత్తాను."

"మానకపోతే?"

"ఇద్దరు పిల్లలకి పాలు మానిపించినాను. దీనికి మానిపించలేనా?"

మంగ్లు తల ఊపి వెళ్ళిపోయాడు. కాని దారి చేష్టలు ఊరు చూస్తూనే ఉంది. అది అరుగు వెంబడి వచ్చి గుమ్మంలో పడుకుంటోంది. కనక మేకల దొడ్డికి పోతే దొడ్డి దాకా సాగుతోంది. ఆమె తోటకి కూలికి వెళ్ళిన రోజుల్లో సంతకని బయల్దేరినవాళ్ళు బుట్టలతో సహా కాఫీ చెట్ల మధ్య తేలుతున్నారు. "నీ దారిని కట్టేసుకోవే!" అని ఆడవాళ్ళు తిట్టిపోశారు. కనక తల వంచుకుని ఆకులు ఏరుకుంది. ఇంకొన్నాళ్ళే కదా అనుకుంది.

పరీక్ష విశాఖపట్నంలో. ముందురోజు మధ్యాహ్నం దారి కునుకు తీస్తున్న సమయం చూసి, కనక చెప్పులు చేత్తో పట్టుకుని, పొదల్లోంచి దిగి బస్సెక్కింది. అరకులో విశాఖ వెళ్ళే కిరండూల్ పాసింజరు రైలు పట్టుకుంది. టైడా స్టేషను దాటాక పక్కన కూచున్న పనసకాయల ఆవిడ కిటికీలోంచి చూసి అడిగింది.

"ఎవుల్ది తల్లీ ఆ దారి? రైలెనకాల పడి వొస్తంది."

పట్టాల పక్కన రాళ్ళ మీద ఎర్రటి దారి రొప్పుతూ వస్తోంది.

"మా ఊరిది" అంది కనక. కిటికీలోంచి తల బయట పెట్టి, "ఫో! ఇంటికి ఫో!" అని గొంతు పోయేలా అరిచింది. సొరంగం వచ్చినప్పుడు అది ఆగిపోతుందని ఆశపడింది. అది కొండ మీదుగా ఎక్కి అవతల దిగి కలుసుకుంది.

"బండి కింద పడుద్దేమో, సూసుకో" అని పనసకాయల ఆవిడ జాగ్రత్త చెప్పింది. కనక కిటికీ రెక్క దించేసింది.

మర్నాడు ఎండ ముదరకూడదని పరీక్ష మసక చీకట్లోనే మొదలుపెట్టారు. విజిలు పట్టుకున్నాయన గ్రౌండు మధ్యలో ఆగాడు. "ఎవరిదమ్మా ఇది? అడ్డంగా పడుకుంది."

"నాది సార్. పొమ్మంటే పోదు."

"అయితే నీ లైన్లో పెట్టుకో. పక్కవాళ్ళకి తగలకూడదు."

మిగతా ఆడపిల్లలు చదును నేల మీద పరిగెత్తారు. కనక కాళ్ళ కింద మాత్రం కరకగుడ రాళ్ళు, కరకగుడ వేళ్ళు, రోడ్డు దగ్గరి చింతచెట్టు మలుపు. ఆమెకి ముందుకి చూడాల్సిన పని కూడా లేకపోయింది. గీత దాటి ఆగి వెనక్కి చూస్తే, ఇంకా చాలామంది వస్తూనే ఉన్నారు. వాళ్ళంతా ఆమెకన్నా చిన్నవాళ్ళు. పేర్లు చదివినప్పుడు ఆమె పేరు చదివారు.

దారిని వెంటబెట్టుకుని కనక ఊరు చేరేసరికి చిన్నమ్మలు అరుగు మీద ఉంది. కుడిచేతికి వెదురు బద్దలు కట్టి ఉన్నాయి. కనక లేని రోజు సంత రోజు. ముసలిది చింతపండు బుట్ట ఎత్తుకుని, దారి వస్తుందిలే అని చూసి చూసి, పొదల్లో పడి దిగబోయి లోయలోకి జారింది. కొడుకూ మంగ్లూ పైకి మోసుకొచ్చారు. కింద ఆస్పత్రికి తీసుకెళ్ళడానికి దారి లేదు.

"వొచ్చీసినావా? పాసయినావా?" అంది అత్త.

"అయినాను."

"అయితే మంచిదే. నా సెయ్యి పోనాది." ఎడమచేత్తో చుట్ట సరిచేసుకుంది. "దాన్నీ తోలుకొచ్చినావా?"

కనక అరుగు కింద చతికిలబడింది. ఏడవలేదు. ఏడిస్తే ఆ చెయ్యి అతుక్కోదు.

వేసవి చివర ఆర్డరు వచ్చింది. రంపచోడవరం అడవుల్లో డ్యూటీ, వానలు పడేలోపు చేరాలి. ఆ సాయంత్రం మంగ్లు వచ్చి వాకిట్లో కూచున్నాడు.

"నువ్వెల్తే అదీ ఎల్తాది. మేం దేని మీద నడాల కోడలా?"

"రోజూ నాను పోస్తాను రెండు కడవలు" అన్నాడు బుధు. వెంటనే తెచ్చి పోసి చూశాడు. నీళ్ళు దారి వీపు మీంచి జారి మేకల దొడ్డిలోకి పోయాయి. ఒక్క చుక్క తాగలేదు.

కనక లేచింది. "ఇయ్యాల్టి నుంచి దీనికి నీల్లు పొయ్యను. దీని మీద కాలు పెట్టను" అంది. ఆమె వెనక గోడ దాటి ముళ్ళలోంచి మేకల దగ్గరికి వెళ్ళింది.

దారి రాత్రంతా గుమ్మం బయట కదిలింది. మర్నాటి నుంచి ఎండటం మొదలుపెట్టింది. నెర్రెలిచ్చింది, అంచులు రాలాయి. దాని మీద నడిచేవాళ్ళ కాళ్ళ కింద పొడైపోయింది.

"సచ్చిపోద్దే. ఒక్క సెంబు పొయ్యి" అన్నాడు బుధు.

"పొయ్యను."

"నీకు మనసు లేదే."

"ఉన్నప్పుడే కదా మీ అమ్మ సెయ్యిరిగింది."

దానికి మళ్ళీ గెడ్డ అలవాటవ్వాలని రోజూ పొద్దుగూకగానే కనక దారికి దూరంగా, ముళ్ళలో దిగి గెడ్డ దగ్గరికి వెళ్ళేది. మడుగు పక్కన రాయి మీద, దారి వచ్చే వైపుకి వీపు పెట్టి కూచునేది. దారి వెనకాలే సగం దాకా వచ్చి ఆగిపోయేది. మట్టి రాలిన చప్పుడు వినపడేది. ఆమె తిరిగేది కాదు. ఎవరూ చేత్తో నీళ్ళు పొయ్యరని తెలిశాక అది వెనక్కి పోయేది. దాని మొండితనానికి కనకకి పళ్ళు నూరుకోవాలనిపించేది. మొండితనం తననుంచే నేర్చుకుందని తోచి ఇంకా కోపం వచ్చేది.

ప్రయాణం దగ్గరపడ్డ ఒక సాయంత్రం, ఆమె వీపు వెనక నీళ్ళు కదిలాయి. పశువు దాహంగా తాగినట్టు, చాలాసేపు. కనక మెడ బిగబట్టుకుని కూచుంది. ఒక్కసారి తిరిగి చూస్తే అది తల ఎత్తి తన వెంట వచ్చేస్తుందని తెలుసు. చప్పుడు ఆగి, దారి ఒడ్డున సాగి పడుకున్నాక, ఆమె లేచి చీకట్లోకి పరిగెత్తింది. దారి లేదు. రాళ్ళూ వేళ్ళూ ఎక్కడున్నాయో కాళ్ళకి తెలుసు. ఎక్కడా పడకుండా ఇల్లు చేరింది.

తెల్లారాక ఊరివాళ్ళు "దారొచ్చిందా?" అని అడిగారు. వచ్చింది, తడిగా. ఆ వారమే ఆమె రంపచోడవరం వెళ్ళిపోయింది. దారి తన చోటే ఉండిపోయింది.

ఇది జరిగి చాలా ఏళ్ళయింది. కనక సెలవు దొరికినప్పుడల్లా ఖాకీ బట్టల్లోనే వచ్చి రోడ్డు మీద బస్సు దిగుతుంది. బుధు ఎదురొచ్చి సంచి అందుకుంటాడు. ఆమె దిగగానే చింతచెట్టు మలుపు దగ్గర దారి అంచు కొద్దిగా లేస్తుంది. కనక చూడదు. ప్యాంటు అంచులు బూట్లలోకి దోపుకుని, దారి పక్కనున్న ముళ్ళపొదల్లోకి దిగుతుంది.

బుధు దారి మీద నడుస్తాడు, ఆమె పొదల్లో. అత్త చెయ్యి గురించి, మేకల గురించి మధ్యలో కొమ్మలు తప్పించుకుంటూ మాట్లాడుకుంటారు.

పోయిన వేసవిలో బుధు అన్నాడు: "ఇన్నేల్లయినాది. మరిసిపోయుంటాదిలే. ఓపాలి ఎక్కి సూడు."

"నువ్వు నడు" అంది కనక, చేతికి గుచ్చుకున్న ముల్లు పళ్ళతో లాగేసి ఉమ్మేస్తూ.