పొయ్యికి మెత్తిన పాతనేల

"మట్టి ఊడ్చి బయట పోసే ఆడాళ్ళని చూశాను గానీ, సంచుల్లో ఇంటికి మోసుకొచ్చేదాన్ని నిన్నే చూస్తున్నా."

చీపురు పట్టుకున్నప్పుడల్లా మా ఆయన సంజీవరావు అన్న ఈ మాట గుర్తొస్తుంది. నేను బెజవాడ కాలేజీలో జియాలజీ చెబుతాను. వేల ఏళ్ళ కిందట పచ్చగా ఉండి, కృష్ణ వరదల్లో పూడిపోయిన నేలల మీద పరిశోధన చేస్తున్నాను. "అది ఒకప్పటి నేలేనని, ఒట్టి వరద బురద కాదని రుజువేదమ్మా?" అని మా ప్రొఫెసరుగారు రెండుసార్లు థీసిస్ తిప్పి పంపారు.

డెబ్బై నాలుగు మే నెల. కాలవలు కట్టేశారు. ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చి, పాస్టరుగారు భోజనానికొస్తారని చేపల పులుసుకి మసాలా నూరుతున్నాను. పొయ్యికి మట్టి మెత్తుతూ మా అత్తగారు అమలమ్మ విసుక్కుంది.

"ఇదేం మట్టే అమ్మాయ్! ఎంత పిసికినా ముద్దవ్వదు. నిండా వేళ్ళ బొక్కలే."

నా చెయ్యి ఆగిపోయింది. అది కంకిపాడులో బావి తవ్వుతున్న బసవపున్నయ్య ఇరవై అడుగుల లోతునుంచి తీసి పంపిన గడ్డ! వారమైంది వచ్చి, విప్పి చూడటానికి ఈ ఇంట్లో నాకు తీరికేది? ఒళ్ళు మండింది. మిగిలిన సగం లాక్కుని విరిచాను. సన్నటి గొట్టాలు, అంచులకి తుప్పురంగు. వేళ్ళు పోయిన దారులు! ఒట్టి బురదలో వేళ్ళెలా దిగుతాయి? ఇక్కడ గడ్డి మొలిచింది, ఎండింది, మళ్ళీ మొలిచింది!

"అత్తయ్యా, నా థీసిస్ పొయ్యికి మెత్తేశారు!" అంటూ ఆవిణ్ణి వాటేసుకున్నాను. నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

కానీ విరిగిన గడ్డ చాలదు. ఆ పొరని ఉన్నచోటే చూడాలి, కొలవాలి. తవ్వకం ఆ లోతులోనే ఆపారు, మధ్యాహ్నం బావికి సిమెంటు వరలు దించేస్తామని బసవపున్నయ్య కబురంపాడు. ఆ తర్వాత ఇక కనపడదు.

"పాస్టరుగారొస్తుంటే ఎక్కడికి?" అన్నారు మా ఆయన.

"బావిలోకి."

"మరి పులుసు?"

"మసాలా నూరాను. చేపలు గిన్నెలో ఉన్నాయి. మీరు పెట్టండి."

అత్తగారు తలెత్తకుండానే అంది: "వచ్చేప్పుడు కాస్త మంచి బంకమన్ను పట్రా. ఈ బొక్కలది వద్దు."

బావి గట్టున బసవపున్నయ్య అడ్డం నిలబడ్డాడు. "ఆడాళ్ళు దిగితే జల తప్పుకుంటదండి అమ్మగారూ."

"తప్పుకోనీ. నాక్కావలసింది నేలే."

కొంగు దోపి, మోకు పట్టుకుని దిగాను. ఇసక పొర దాటాక నల్లగా, చల్లగా తగిలింది. పాదం ఆనించాను. పుట్టి ముప్పై ఏళ్ళయింది. నన్నెవరూ ఊడవమనని నేల మీద మొదటిసారి నిలబడ్డాను.