ఊరికట్టు, బడి కమిటీ

ఆ రోజు బోట్లు ఆలస్యంగా ఒడ్డుకొచ్చాయి. దేవి వేలం పాటలో నాలుగు వందలకు గంపెడు నెత్తళ్ళ చేపలు దక్కించుకునేసరికి తొమ్మిదిన్నర దాటింది. పదింటికి బళ్ళో తల్లిదండ్రుల కమిటీకి ఛైర్మన్ ఎన్నిక. టెక్కలి బజారుకెళ్ళే ఆటో కూడా పదింటికే. ఎండెక్కితే నెత్తళ్ళు మెత్తబడతాయి, మధ్యాహ్నానికి ఎవరూ అడగరు. అయినా ఆమె గంపను అత్త గున్నమ్మ నెత్తికెత్తి, ఆటో ఎక్కమని చెప్పి, తను బడి దారి పట్టింది.

"నా మోకాళ్ళ సంగతి నీకు తెల్దేటి? ఆ మీటింగు నువ్వెల్లకపోతే బడి ఆగిపోద్దా?" అని గున్నమ్మ సణిగింది.

దేవి అడుగు ఆపలేదు. అనిత ఓడిపోవడం తన కళ్ళతో తాను చూడాలి.

ఇద్దరూ ఆరో తరగతి దాకా పక్కపక్కన కూర్చున్నవాళ్ళే. ఆ ఏడాది దేవికి తమ్ముడు పుట్టాడు. వాణ్ణి ఎత్తుకోడానికి, ఎండబెట్టిన చేపల మీద కాకుల్ని తోలడానికి దేవి ఇంట్లో ఉండిపోయింది. అనిత పదో తరగతి పాసయింది. లెక్కల్లో దేవికే ఎక్కువ మార్కులొచ్చేవి. ఆ సంగతి ఊళ్ళో దేవికి తప్ప ఎవరికీ గుర్తులేదు.

ఇప్పుడు వాళ్ళ పిల్లలిద్దరూ మూడో తరగతి. అయిదు తరగతులకూ ఒక్కరే మాస్టారు. రెండో మాస్టారిని వేరే ఊరికి పంపి ఏడాదయింది. అనిత సాయంత్రాలు కొడుకును దగ్గర కూర్చోబెట్టుకుని చదివిస్తుంది. దేవి ఆ వేళకు టెక్కలి నుంచి ఖాళీ గంపతో ఇంకా దారిలో ఉంటుంది. మొన్న గున్నమ్మ మాత్రల కవరు మీది తెలుగు అక్షరాలను అనిత కొడుకు గడగడా చదివేశాడు. దేవి కూతురు శైలజ నోరు తెరుచుకుని వింటూ నిలబడింది. ఆ పూట దేవి శైలజను కొట్టింది. ఎందుకు కొట్టిందో పిల్లకు అర్థం కాలేదు.

ఆ మర్నాడే దేవి కూర్మయ్య ఇంటికి వెళ్ళింది. కూర్మయ్యకు రెండు బోట్లున్నాయి, ఊరి పెద్దల్లో ముందు మాట ఆయనదే. దేవి మొగుడు ఎర్రన్న ఆయన బోటులోనే వేటకెళ్ళే కలాసీ. ఛైర్మన్‌గా నిలబడాలని అనిత అనుకుంటున్న సంగతి దేవి ఆయన భార్య చెవిన వేసి వచ్చింది. అనిత పొగరు కాస్త అణగాలనుకుంది, అంతే. కానీ రాత్రికల్లా ఊరంతా చాటింపు తిరిగింది. ఛైర్మన్ అయ్యేది కూర్మయ్య కొడుకు గోవింద్. ఇది ఊరికట్టు, పెద్దలు పెట్టిన కట్టుబాటు. కట్టు దాటిన ఇంటివాళ్ళకు తప్పు కింద జరిమానా వేస్తారు, వాళ్ళ మగవాళ్ళను నెల రోజులు ఏ బోటులోకీ ఎక్కనివ్వరు. వలల హద్దుల కోసం, వేట మానే రోజుల కోసం తాతలు పెట్టుకున్న పద్ధతి అది. బడి దాకా రావడం ఇదే మొదలు. ఈ ఏడు బడికి ప్రహరీ, మరుగుదొడ్లు వస్తాయనీ, ఆ డబ్బు కమిటీ చేతుల మీదుగా ఖర్చవుతుందనీ అందరికీ తెలుసు.

వరండాలో పద్నాలుగు మంది సభ్యులు చాప మీద కూర్చున్నారు. దేవితో పదిహేను. కూర్మయ్య సభ్యుడు కాడు. అయినా మాస్టారు పోతురాజు ఆయనకు తన కుర్చీ ఇచ్చి తాను నిలబడ్డాడు. తీర్మానం పుస్తకంలో 'ఏకగ్రీవం' అని ముందే రాసి ఉంది.

అనిత లేచి, తానూ పోటీలో ఉన్నానంది. కమిటీ తీర్మానం రాసి మండలానికి తీసుకెళ్తే రెండో మాస్టారిని అడగవచ్చంది. ఆ ధైర్యం చూసి దేవికి కడుపు మండింది. అనిత మొగుడు సోములు గుజరాత్ బోట్లలో ఉన్నాడు. కూర్మయ్యకు కోపమొస్తే ఆ ఇంట్లో పొయ్యి ఆరదు. మాట్లాడకేం?

"కట్టు ఇన్నావు కదే" అన్నాడు కూర్మయ్య.

"ఇన్నాను మావా. కట్టు ఏటకి. బడికి కాదు."

ఓటు వేసేవాళ్ళు బడిలో చదివే పిల్లల అమ్మానాన్నలే అయుండాలి కాబట్టి మాస్టారు హాజరు పట్టీ తీసి పిల్లల పేర్లు చదివాడు. మూడో తరగతిలో శైలజ తర్వాత పేరు పృథ్వీరాజ్, తండ్రి గోవింద్. నెలంతా హాజరు.

దేవి తలెత్తింది. టై కట్టుకుని, బూట్లు తొడుక్కున్న ఆ పిల్లాణ్ణి పసుపుపచ్చ కాన్వెంటు వ్యాను రోజూ తన గుమ్మం ముందు నుంచే తీసుకెళ్తుంది. శైలజ ఆ వ్యాను మలుపు తిరిగేదాకా చూస్తుంది. శైలజ చూడ్డం దేవి చూస్తుంది. అనిత మీద రగిలింది ఇంట్లోనే అణిగి ఉండేది. ఈ రగిలింది గొంతులోకి వచ్చేసింది.

గోవింద్‌కు చేతులెత్తమన్నాడు మాస్టారు. ఒక్కొక్కటే లేచాయి. దేవి చేతులు ఒళ్ళోనే ఉన్నాయి.

"ఏటే దేవీ, సెయ్యి నొప్పా? ఎర్రన్న ఏ బోటుకెల్తన్నాడో మర్సిపోనావేటి?" అన్నాడు కూర్మయ్య, నవ్వుతూనే.

"మర్సిపోనేదు మావా. మీ మనవడు ఈ బళ్ళో ఏ మూల కూకుంటన్నాడో సెప్పు. మా గుంట శైలజ ఒక్కనాడూ సూడనేదంట."

గోవింద్ తల దించుకున్నాడు. మాస్టారు పట్టీ మూసేశాడు. ఎత్తిన చేతుల్లో ఒకటి, ఎవరిదో, సగానికి దిగి అక్కడే ఆగింది.

"అనితకు ఎవరెవరు?" అన్నాడు మాస్టారు.

దేవి చెయ్యెత్తింది. మొదట లేచింది అదే. అనిత ఇటు తిరిగి చూసింది. ఆ చూపులో కృతజ్ఞత ఉంది, కొంచెం జాలి కూడా ఉంది. ఆ జాలి దేవికి ముల్లులా గుచ్చుకుంది. గెలిస్తే రేపు ఆ కుర్చీలో కూర్చుని సంతకం పెట్టేది అనిత. ఆ పుస్తకంలో రాయాల్సిన లెక్కలు తనకే బాగా వచ్చేవి. చాటింపుకు కారణం తానేనని ఎప్పటికైనా చెప్పవలసి వస్తుందేమో కూడా.

కూర్మయ్య లేచి, కండువా దులిపి భుజాన వేసుకుని మెట్లు దిగాడు. ఒడ్డున ఎర్రన్న వల బాగుచేసుకుంటున్నాడు. ఇసుకలో ఆ తెల్ల కండువా అటే నడిచిపోతోంది. మాస్టారు పెన్సిలు పట్టుకుని లెక్క పెడుతున్నాడు. దేవి చెయ్యి ఇంకా పైనే ఉంది.