నల్లట్ట నోటుబుక్కు

శ్రీలత టీచరుకు కోపం వస్తే నోటుబుక్కులకు రెక్కలొస్తాయని ఆరో తరగతి పిల్లలు చెప్పుకునేవారు. ఒమన్‌లోని అల్ సువైక్‌లో మన దేశం పిల్లలు చదివే ఒక బడిలో ఆమె లెక్కలు చెబుతుంది. జగిత్యాల దగ్గర పల్లెలో చింతబరికె దెబ్బలు తింటూ ఎక్కాలు నేర్చిన మనిషి. మొక్కై వంగనిది మానై వంగదని ఆమెకు గట్టి నమ్మకం.

అందుకే కొత్త ప్రిన్సిపాల్ మేడం మాట విన్నప్పుడు శ్రీలతకు నవ్వొచ్చింది. తప్పు చేసిన పిల్లల్ని ఇకమీదట బయట నిలబెట్టకూడదట. అందరూ గుండ్రంగా కూర్చుని ఏం జరిగిందో, ఎవరి మనసు నొచ్చిందో, దాన్నెలా సరిచేయాలో మాట్లాడుకోవాలట. ఇంటికెళ్ళి చెబితే, ఒమన్‌కొచ్చి పంచాయితీ పెద్దమనిషివైనవా అని భర్త ప్రభాకర్ ఏడిపించాడు.

ఆ నవ్వు ఎన్నాళ్ళో నిలవలేదు. ఒకరోజు క్లాసులో హోంవర్కు దిద్దుతోంది. క్లాసు లీడరు సిద్రా పుస్తకంలో మూడో లెక్క తప్పింది. దాని కింద ఉన్న హుమా పుస్తకం తెరిస్తే అక్కడా అదే తప్పు. చూసి రాశావా అని అరిచింది. హుమా ఏదో చెప్పబోయేలోపే పుస్తకం గాల్లోకి లేచి, గుమ్మం దగ్గర బోర్లా పడింది. తీయడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. గంట కొట్టాక హుమానే వెళ్ళి తెచ్చుకుంది.

రెండు రోజులకు సిద్రా ఏడుస్తూ వచ్చి, చూసి రాసింది తనేనని ఒప్పుకుంది. శ్రీలత ఆ పిల్లకు నాలుగు చీవాట్లు పెట్టి, హుమాతో సరేలే, పోయి కూర్చో అంది. అంతటితో అయిపోయిందనుకుంది.

అయిపోలేదు. హుమా అందరికంటే ముందు లెక్కలు ముగించి, టీచరు బల్లకు ఆనుకుని నిలబడి దిద్దించుకునే పిల్ల. ఆ క్లాసులో తెలుగు వచ్చింది వాళ్ళిద్దరికే. దిద్దేలోపు తన కడప తెలుగులో ఇంటి ముచ్చట్లన్నీ చెప్పేసేది. ఇప్పుడు చివరి వరుసలో కూర్చుంటోంది. నోటుబుక్కు బయటికి తీయడం లేదు. విడి కాగితం మీద లెక్కలు చేసి, కట్ట అడుగున దూర్చి పోతోంది. శ్రీలత చూపు మాటిమాటికీ బల్ల పక్కన ఖాళీ చోటు మీదికి పోయేది. ఆ పిల్ల మళ్ళీ వచ్చి అక్కడ నిలబడితే చాలనిపించేది. అలా చెప్పుకోవడం చేతకాక, హుమా మొండికేసిందని ప్రిన్సిపాల్‌కు ఫిర్యాదు చేసింది.

గురువారం చివరి పీరియడు ప్రిన్సిపాల్, శ్రీలత, సిద్రా, హుమా నలుగురూ గుండ్రంగా కూర్చున్నారు. ప్రిన్సిపాల్ చేతిలో నల్లటి ఎండు నిమ్మకాయ ఉంది. అది ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మాట్లాడాలి, మిగతావాళ్ళు వినాలి. సిద్రా క్షమాపణ చెప్పి నిమ్మకాయను హుమాకు అందించింది. హుమా శ్రీలత వైపు తిరిగింది.

“సిద్రా మీద నాకేం కోపం లేదు మేడం. ఆ బుక్కుకు మా అబ్బా అట్ట కుట్టినాడు. ఇంట్లో పుస్తకం కింద పడితే ముద్దు పెట్టుకొని కండ్లకద్దుకుంటాం. ఆ పొద్దు వాకిలి కాడ పడి ఉంటే ఎవురూ తీయలేదు.”

హుమా తండ్రి అక్బర్ ఆడవాళ్ళ నల్లటి అబాయాలు కుట్టే కొట్లో దర్జీ. మిగిలిన నల్లబట్టతో, అంచున వెండిదారం వేసి ఆ అట్ట కుట్టాడు. శ్రీలత తల దించుకుంది. పొరపాటున పాత పేపరుకు కాలు తగిలినా ఆమె చెయ్యి దానంతటదే కళ్ళమీదికి పోతుంది. ఆ రోజు ఆ చెయ్యి ఏమైంది?

నిమ్మకాయ ఆమె దగ్గరికొచ్చింది. టీచరు తప్పు ఒప్పుకుంటే పిల్లలు నెత్తికెక్కుతారని భయం వేసింది. అయినా చెప్పింది.

“తప్పు నాదే బిడ్డా. నిన్ను అడగకముందే విసిరేసిన. ఆ బుక్కు ఇట్లియ్యి, దిద్దుత.”

హుమా సంచీని ఒళ్ళోకి లాక్కుంది. పుస్తకం రోజూ అందులోనే ఉంటోంది.

“ఇప్పుడొద్దు మేడం.”

మరి ఏం చేస్తే సరిపోతుందని ప్రిన్సిపాల్ అడిగింది. అందరి ముందూ పడేశారు కాబట్టి అందరి ముందూ చెప్పాలని హుమా మెల్లగా అంది.

శుక్ర, శనివారాల సెలవుల్లో శ్రీలత ఏం చెప్పాలో పదేపదే కూడబలుక్కుంది. ఆదివారం పొద్దున పుస్తకం పడిన గుమ్మం దగ్గరే నిలబడి, ముప్పై ఎనిమిది మంది పిల్లలకూ జరిగింది చెప్పి, తనది తప్పని ఒప్పుకుంది. ఎవరూ నెత్తికెక్కలేదు. కానీ ఆ రోజూ హుమా నుంచి విడి కాగితమే వచ్చింది. శ్రీలత మనసు చివుక్కుమంది, అయినా అడగలేదు.

బుధవారం పుస్తకాలు దిద్దుతుంటే బల్ల పక్కన ఎవరో వచ్చి నిలబడ్డారు. హుమా. నల్లట్ట నోటుబుక్కును కట్టలో పెట్టకుండా రెండు చేతులా పట్టుకుంది. శ్రీలత అందుకుని, క్లాసంతా చూస్తుండగా కళ్ళకద్దుకుంది. కొత్త పేజీ కోసం తిరగేస్తుంటే హుమా వేలు మధ్యలో ఆపింది.

“ఆ పొద్దువి ఇంకా దిద్దలేదు మేడం.”

నిజమే. ఎర్ర గీత ఒక్కటైనా పెట్టకుండానే విసిరేసింది. ఐదు లెక్కలు. నాలుగు ఒప్పు. మూడో దాని దగ్గర కలం ఆగింది. ఇంత బాధపడిన పిల్లకు ఇంకో తప్పు చూపించాలా, వదిలేస్తే పోలేదా అనిపించింది. కానీ హుమా వచ్చింది జాలికి కాదు, దిద్దించుకోవడానికి. శ్రీలత తప్పు దగ్గర సున్నా చుట్టింది.

హుమా ఓసారి చూసి, పెన్సిల్ తీసి, పాత చోటులోనే బల్లకు ఆనుకుని ఆ లెక్క మళ్ళీ చేయడం మొదలుపెట్టింది. చేస్తూ చేస్తూ, మా అబ్బాకు కొత్త మిషను వచ్చింది మేడం అని చెప్పింది.

శ్రీలత తర్వాతి పుస్తకం తెరవలేదు. ఆ లెక్క అయ్యేదాకా వింటూ కూర్చుంది.