కారులో దణ్ణం

"మా కోడలు దేవుడికి దణ్ణం పెట్టుకోనిదే బండి కదిలించదు" అని మా అత్తగారు పక్కింటావిడతో గొప్పగా చెబుతున్నారు. నేను కారులో స్టీరింగు కింద తల దూర్చి ఉన్నాను. పెడుతున్నది దణ్ణం కాదు. తాళంచెవితో కలపకుండా విడిగా దాచుకునే నల్లటి బిళ్ళను స్టీరింగు అడుగున కనబడకుండా బిగించిన చిన్న పెట్టెకి తాకించాలి. సరిగ్గా తగిలితే టిక్కుమంటుంది. లేకపోతే కుయ్‌కుయ్‌మని ఏడుస్తుంది, ఇంజను ఉలకదు పలకదు. దాన్ని బిగించిన షాపతను ఇమ్మొబిలైజర్ అన్నాడు. మా ఇంట్లో దాని పేరు కాపలావాడు. పొద్దున్నే దీపం పెట్టి కళ్ళు మూసుకుని నిజంగా మొక్కుకునేటప్పుడు నన్ను ఎవరూ చూడరు. కారులో తడుముకుంటుంటే మాత్రం వీధంతా భక్తురాలంటుంది. కాదని చెప్పడానికి సిగ్గు, చెప్పకుండా ఆ పొగడ్త పుచ్చుకోవడానికి ఇంకా సిగ్గు.

కారు నా జీతంతో కొన్నదే, కాగితాలూ నా పేరు మీదే ఉన్నాయి. కాపలావాణ్ణి పెట్టించింది మాత్రం మా ఆయన. ఒకరోజు రెండు చేతులా సామాన్లతో ఇంట్లోకి వస్తూ తాళంచెవి కారుకే వదిలేశాను. తెల్లారి ఆయన చూశారు. "నీ మతిమరుపుకి ఇదే మందు" అని ఆ వారమే బిగించుకొచ్చారు. ఆయన కళ్ళజోడు ఎక్కడ పెట్టారో ఇంటిల్లిపాదీ వెతకని వారం ఉండదు. దాన్ని మేం పని ఒత్తిడి అంటాం.

నా ఉద్యోగం ఇళ్ళకి వెళ్ళి పరీక్షలకి రక్తం తీసి ల్యాబులో అప్పగించడం. మొన్న మంచం పట్టిన ఒక పెద్దావిడ దగ్గరికి వెళ్ళాను. నరాలు దారప్పోగుల్లా ఉన్నాయి. ఒకచోట గుచ్చితే జారిపోయింది, ఇంకోచోట గుచ్చితే ఎలాగో వచ్చింది. ఆవిడ పళ్ళ బిగువున ఓర్చుకుని, "నీ చెయ్యి చల్లగా ఉందమ్మా, నొప్పే తెలియలేదు" అని నా కోసం అబద్ధమాడింది. సీసాలు ఐసుపెట్టెలో సర్దుకుని బయల్దేరాను. సందు చివర ఎవరిదో సైకిలు దారికడ్డంగా పడి ఉంటే, ఇంజను ఆపకుండానే దిగి దాన్ని పక్కకి పెట్టి వచ్చి కూర్చున్నాను. అలా తలుపు తీస్తే బిళ్ళ మళ్ళీ తాకించాలట. తాకించకపోతే దొంగ ఎక్కాడనుకుని కాసేపటికి ఇంజను ఆపేస్తుందట. ఆ సంగతి నాకు నాలుగు రోడ్ల కూడలి మధ్యలో, కారు ఆగిపోయాక తెలిసింది.

వెనకాల హారన్లే హారన్లు. నేను స్టీరింగు కింద దూరి బిళ్ళ రుద్దుతూనే ఉన్నాను. "అమ్మా, పూజ ఇంటి దగ్గర చేసుకోవచ్చుగా!" అని ఒకాయన కిటికీలోంచి అరిచి పోయాడు. మా ఆయనకి ఫోన్ చేశాను.

"మళ్ళీ ఏం చేశావ్?"

"ఏమీ చెయ్యలేదండీ. నడుస్తూ నడుస్తూ ఆగిపోయింది."

"మధ్యలో తలుపు తీశావా? తియ్యకూడదని చెప్పానుగా."

"చెప్పలేదండీ."

"చెప్పే ఉంటాను. నువ్వే విని ఉండవు."

కారు దిగి తాళం వేసి, కాసేపు ఆగి, మళ్ళీ మొదటినుంచి బిళ్ళ తాకించాలని అప్పుడు చెప్పారు. కారు కదిలేసరికి పెట్టెలో ఐసు నీళ్ళయింది. "ఇవి పనికిరావు, మళ్ళీ తీసుకురండి" అన్నారు ల్యాబులో. వెళ్ళాను. పొద్దున గుచ్చిన చోట ఆవిడ చెయ్యి నల్లగా కమిలిపోయి ఉంది. నన్ను చూసి రెండో చెయ్యి చాపింది. "తీసుకో తల్లీ. ఉన్నదే కాస్త, నీకు కాకపోతే ఎవరికిస్తాను?" అని నవ్వింది. కారు ఆగిపోయిందని చెప్పాను. "ఎవరి కారమ్మా?" అంది మామూలుగా. "నాదేనండీ" అన్నాను. ఆ మాట అంటుంటే చెవులు వేడెక్కిపోయాయి. సూది గుచ్చేటప్పుడు ఆవిడ ముఖంలోకి చూడలేకపోయాను.

ఇంటికొచ్చి అన్నం వడ్డిస్తుంటే మా మరిది, "ఏం వదినా, కాపలావాడు నిన్నే దొంగనుకున్నాడట!" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను. ఒక ముసలమ్మ రెండు చేతులూ కమిలిపోయిన రోజున, కూర గిన్నె పట్టుకుని నవ్వాను.

మర్నాడు దీపం ముందు, స్వామీ, నాకు జ్ఞాపకశక్తి ఇవ్వు అని అడగబోయి ఆగాను. నేను మరిచిపోయింది ఏమిటి? ఎవరూ చెప్పనిదాన్ని ఎలా మరిచిపోతాను? పెద్దవాళ్ళ మాటకి ఎదురు చెప్పకూడదనే పెరిగాను, అది తప్పని ఇప్పుడూ అనను. కానీ ఆ పెద్దావిడ చెయ్యి ఏ మాటకి కమిలింది? దేవుడు వద్దనలేదు. కారు తీసుకుని తిన్నగా షాపుకి వెళ్ళాను.

"తీసెయ్యడం ఎంతసేపమ్మా!" అన్నాడు షాపతను, స్క్రూడ్రైవరు తుడుచుకుంటూ. "కాకపోతే పెట్టించింది సార్ కదా. ఆయనతో ఒక్క మాట చెప్పించండి, తీసేస్తాను. రేపు ఆయనొచ్చి నన్ను అడక్కూడదు చూడండి."

కాగితాలు నా సంచిలోనే ఉన్నాయి. తీసి చూపించొచ్చు. నా వేళ్ళు మాత్రం అలవాటుగా ఆయన నంబరే నొక్కాయి.

"వద్దు" అన్నారు ఆయన. "నీ సంగతి నాకు తెలీదా? ఎవరి మంచికి పెట్టించాను? తిన్నగా ఇంటికి రా."

"సరేనండీ" అంది నా నోరు. నన్నడక్కుండానే అంది.

ఫోన్ పెట్టేశాను. షాపతను కారు తలుపు తెరిచి, ఒక కాలు లోపల పెట్టి నా వైపు చూస్తున్నాడు. "సార్ ఏమన్నారమ్మా?"

ఒప్పుకున్నారంటే పని అయిపోతుంది. ఇంట్లో, ల్యాబులో, అందరి దగ్గరా నెగ్గుకొచ్చింది అలాంటి చిన్నచిన్న అబద్ధాలతోనే. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. నా సొంత కారు గురించి, ముక్కూ ముఖం తెలియని మనిషి ముందు, మొగుడు ఒప్పుకున్నాడని దొంగమాట చెప్పబోతున్నందుకు కూడలిలో కంటే ఎక్కువ సిగ్గేసింది. ముఖం మండిపోతున్నా తలెత్తాను.

"వద్దన్నారు" అన్నాను. "తీసెయ్యండి."